పబ్‌మెడ్: వెతకడం అందరికీ, చదవడం కొందరికే

పీహెచ్‌డీలో చేరిన కొత్తలో పబ్‌మెడ్ వాడటం మొదలుపెట్టాను. ఇప్పుడు ఒక జిల్లా కేంద్రంలోని ప్రైవేటు కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతున్నాను. పిల్లల చేత ఎమ్మెస్సీ ప్రాజెక్టులు చేయిస్తున్నాను. ఈ మధ్యలో సైటు రూపం మారింది, నా ఉద్యోగం మారింది, కంప్యూటర్ పోయి చేతిలోకి ఫోన్ వచ్చింది. పబ్‌మెడ్‌ను మాత్రం వదల్లేదు. పెద్ద యూనివర్సిటీల్లో ఉన్నవాళ్లకు ఇందులో చాలావరకు తెలిసే ఉంటుంది. చిన్న కాలేజీల్లోనో జిల్లా ఆసుపత్రుల్లోనో ఉండి, అడగడానికి లైబ్రేరియన్ కూడా లేక సొంతంగా పేపర్లు వెతుక్కునేవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందుగా అదేంటో రెండు మాటలు. వైద్య, జీవశాస్త్ర పరిశోధనా వ్యాసాల వివరాలన్నీ ఒకచోట దొరికే సూచిక ఇది. అమెరికాలో బెథెస్డా అనే ఊళ్లో ఉన్న నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడుపుతుంది. అంటే అక్కడి ప్రభుత్వ సొమ్ముతో నడిచేది. 1879లో ఇండెక్స్ మెడికస్ పేరుతో అచ్చు పుస్తకాలుగా మొదలైన పని ఇప్పుడు ఈ రూపంలో ఉంది. 1997 జూన్ నుంచి ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. మూడున్నర కోట్లకు పైగా రికార్డులున్నాయి. లాగిన్ అక్కర్లేదు, ప్రకటనలు లేవు. అయితే ఇందులో దొరికేది పేపర్ పేరు, రాసినవాళ్లు, జర్నల్, సారాంశం మాత్రమే. పూర్తి పేపర్ వేరే చోట ఉంటుంది. నా ఫిర్యాదంతా అక్కడే ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

వెతకడంలో పబ్‌మెడ్‌కు నేను పూర్తి మార్కులు వేస్తాను. కారణం మెష్ అనే పదజాలం. 1960 నుంచి ఉన్న ఈ పద్ధతిలో, ఒక విషయాన్ని రచయితలు ఎన్ని పేర్లతో రాసినా వాటన్నిటికీ ఒకే శీర్షిక తగిలిస్తారు. మనం హార్ట్ ఎటాక్ అని మామూలుగా కొట్టినా, అది మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్ అని రాసిన పేపర్లను కూడా తెచ్చి పెడుతుంది. మనం కొట్టిన మాటను అది ఎలా అర్థం చేసుకుందో అడ్వాన్స్‌డ్ పేజీలో హిస్టరీ కింద చూపిస్తుంది. కొత్తగా వచ్చిన పిల్లలకు నేను మొదట చూపించేది అదే. గూగుల్ స్కాలర్ ఏ పేపర్‌ను ఎందుకు పైన పెట్టిందో మనకు తెలియదు. ఇక్కడ మాత్రం ప్రతి అడుగూ కనిపిస్తుంది. అదే వెతుకులాటను ఇంకొకరు మళ్లీ చేసి సరిచూసుకోవచ్చు.

అయినా పూర్తిగా మెష్ మీదే ఆధారపడకూడదని చెప్పడానికి ఉద్దానం కంటే మంచి ఉదాహరణ లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్న సంగతి మనందరికీ తెలుసు. మా విద్యార్థిని ఒకమ్మాయిది అటు కవిటి వైపు. ఆ విషయం మీదే ప్రాజెక్టు చేస్తానంది. ఉద్దానం అని కొడితే వచ్చే ఫలితాలు కొద్దిగానే ఉంటాయి. కానీ ఇలాంటి జబ్బే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో ఉంది. ఎల్ సాల్వడార్‌లో, నికరాగ్వాలో చెరకు తోటల్లో పనిచేసేవాళ్లలో ఉంది. అక్కడ దాన్ని మెసోఅమెరికన్ నెఫ్రోపతీ అంటారు. ఇంకొందరు సీకేడీయూ (కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు) అని రాస్తారు, మరికొందరు వ్యవసాయ సమాజాల్లో వచ్చే నెఫ్రైటిస్ అనే అర్థం వచ్చే ఇంకో పొడవైన పేరు వాడతారు. ఈ పేర్లన్నిటినీ బ్రాకెట్లలో పెట్టి, మధ్యలో ఓఆర్ (OR, అంటే లేదా) అని పెద్ద అక్షరాల్లో రాసి వెతికితే ఒక్కసారిగా ఎన్నో దేశాల పని కళ్ల ముందుకొస్తుంది. బ్రాకెట్లు తప్పనిసరి. పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది కాబట్టి అవి లేకపోతే ఫలితం తారుమారవుతుంది. ఒక మంచి పేపర్ దొరికాక దాని కిందే ఉండే సిమిలర్ ఆర్టికల్స్, సైటెడ్ బై అనే రెండు లంకెలు నొక్కితే మనకు తట్టని పేర్లు కూడా బయటపడతాయి. ఆ అమ్మాయి ప్రాజెక్టులో సగం పేపర్లు అలా దొరికినవే.

ఇంకో మంచి సంగతి, ఉద్దానంలో జబ్బు ఎంతమందికి ఉందో లెక్కగట్టిన ముఖ్యమైన పేపర్లు కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్ అనే ఓపెన్ యాక్సెస్ జర్నల్‌లో వచ్చాయి. వాటిని ఉద్దానంలోనే కూర్చుని ఫోన్లో చదువుకోవచ్చు. ఎవరి ఊరి గురించి రాశారో ఆ ఊరివాళ్లు చదవగలగడం నాకు చిన్న విషయంగా అనిపించదు.

2020లో వచ్చిన కొత్త రూపం ఫోన్లో హాయిగా తెరుచుకుంటుంది. మా పిల్లల్లో చాలామందికి ల్యాప్‌టాప్ లేదు కాబట్టి ఈ మార్పు బాగా పనికొచ్చింది. కాకపోతే ఫలితాలు మొదట బెస్ట్ మ్యాచ్ వరసలో వస్తాయి. కొత్త పేపర్లు కావాలంటే మోస్ట్ రీసెంట్‌కు మార్చుకోవాలి. 2022 నుంచి మెష్ శీర్షికలు తగిలించే పని మనుషుల నుంచి కంప్యూటర్‌కు మారింది. వేగం పెరిగింది, అది నిజం. కానీ పేపర్‌లో ఓ మూల ప్రస్తావించిన విషయానికి కూడా శీర్షిక తగిలించడం అప్పుడప్పుడు కనిపిస్తోంది. అందుకే మెష్‌తో పాటు మామూలు మాటలతో కూడా వెతకమని చెబుతున్నాను. 2022 చివర్లో రెండు మాటలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్న పేపర్లను మాత్రమే తెచ్చే సదుపాయం పెట్టారు. దాన్ని వాడేవాళ్లు తక్కువ, నిజానికి చాలా ఉపయోగం.

పాత పేపర్ల విషయంలో ఈ సైటు, దీనికి తోడుగా 2000లో మొదలైన పీఎంసీ నాకు ఇచ్చినంత ఆనందం ఇంకేదీ ఇవ్వలేదు. పీఎంసీ అంటే పూర్తి పేపర్లు ఉచితంగా దొరికే భాండాగారం. బ్రిటిష్ మెడికల్ జర్నల్ పాత సంచికలన్నీ స్కాన్ చేసి అందులో పెట్టారు. సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడని స్కూల్లో చదువుకున్నాం కదా. ఆయన అదే ఏడాది డిసెంబరులో ఆ జర్నల్‌లో రాసిన పేపర్ అందులో ఉంది. క్లాసులో ప్రొజెక్టర్ మీద వేసి చూపిస్తే పిల్లలు కదలకుండా చదివారు. 19వ శతాబ్దం నాటి ఇండియన్ మెడికల్ గెజెట్ సంచికలు కూడా అక్కడే ఉన్నాయి. మన ప్రాంతాల కలరా, ప్లేగు చరిత్ర మీద పనిచేసేవాళ్లు తప్పక చూడాలి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీద రాసిన పేపర్ జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో వచ్చింది. ఆ జర్నల్ 2021 నుంచి పూర్తిగా ఓపెన్ యాక్సెస్. పాత సంచికలు కూడా ఎవరైనా తెరిచి చదవొచ్చు. మా ల్యాబ్‌లో ఈనాటికీ ఆ పద్ధతితోనే ఫాస్ఫరస్ కొలుస్తారు. రికార్డు బుక్కులో ఫిస్కే–సుబ్బారో అని రాసే ప్రతి విద్యార్థీ అసలు పేపర్ ఒక్కసారైనా చూడాలని నా పట్టుదల.

పబ్‌మెడ్ పరిమితి ఏమిటో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఈ పద్ధతిని వాడిన ఇటీవలి పేపర్లు ఏవని వెతికితే చాలావరకు దొరకవు. పద్ధతి పేరు పేపర్ లోపల ఉంటుంది, సారాంశంలో ఉండదు. పబ్‌మెడ్ లోపలి పాఠంలో వెతకదు. అలాంటప్పుడు యూరప్ పీఎంసీకి వెళ్లాలి. ఉచితంగా ఉన్న పేపర్లలో లోపలి వాక్యాలను కూడా అది వెతుకుతుంది. ఇంకా అచ్చుకు వెళ్లని ప్రిప్రింట్లనూ చూపిస్తుంది. ల్యాబ్ పద్ధతులు వెతికేవాళ్లకు నా మొదటి సిఫారసు అదే.

ఇక అసలు ఇబ్బంది. పీహెచ్‌డీ రోజుల్లో క్యాంపస్ ఇంటర్నెట్ మీద ఉన్నంతసేపూ సారాంశం పక్కన బటన్ నొక్కితే చాలు, పేపర్ తెరుచుకునేది. యూనివర్సిటీ చందా కట్టింది కాబట్టి అక్కడి కంప్యూటర్ నంబర్లను పబ్లిషర్ గుర్తుపట్టేవాడు. థీసిస్ ఇచ్చి బయటికొచ్చాక అదే బటన్ నొక్కితే ఒక్క పేపర్‌కు ముప్పై డాలర్ల పైన అడగడం మొదలైంది. మనిషి అదే, పని అదే, మారింది చిరునామా మాత్రమే. మా పిల్లలు సారాంశం చదివి, అసలు పేపర్ కనపడక, ఆ నాలుగు వాక్యాలనే నమ్ముకుని సెమినార్ చెప్పాల్సి రావడం చూస్తే బాధేస్తుంది. సారాంశంలో ఉండేది ఫలితం. ఎంతమందిని చూశారు, ఎలా కొలిచారు, ఎక్కడ తేడా రావచ్చు అన్నది లోపలే ఉంటుంది. అది చదవకుండా సైన్సు నేర్పడం కుదరదు.

గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ కాలేజీల కోసం 2010లో మొదలుపెట్టిన ఎన్‌-లిస్ట్ కొంత ఆదుకుంది. కాలేజీ ఏటా చిన్న రుసుము కడితే అధ్యాపకులకు, విద్యార్థులకు విడివిడిగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇస్తారు. ఇంటి నుంచి కూడా వాడుకోవచ్చు. పుస్తకాల కోసం నాకు బాగా పనికొచ్చింది. మా సబ్జెక్టులో కావలసిన క్లినికల్ జర్నళ్లు మాత్రం అందులో తక్కువ. అదే సంస్థ నడిపే శోధ్‌గంగలో దేశమంతటి పీహెచ్‌డీ థీసిస్‌లు లక్షల్లో ఉన్నాయి, ఎవరైనా చదవొచ్చు. ఒక పేపర్ దొరకకపోతే, ఆ రచయిత థీసిస్ అక్కడ ఉందేమో చూడండి. జర్నల్‌లో చోటు చాలక వదిలేసిన పట్టికలు కూడా థీసిస్‌లో ఉంటాయి.

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకాన్ని ఆమోదించినప్పుడు నిజంగా సంతోషించాను. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 పబ్లిషింగ్ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. 2025 జనవరి నుంచి 6,300కు పైగా సంస్థలకు అందాయి. నాతో చదువుకుని ఇప్పుడు ప్రభుత్వ కాలేజీలో పనిచేస్తున్న స్నేహితురాలు ఇదివరకు కలలో కూడా చూడని జర్నళ్లు తెరిచి చదువుకుంటోంది. ప్రభుత్వం మంచి పని చేసింది, ఆ మాట గట్టిగానే చెప్పాలి. కానీ ఆ జాబితాలో ఉన్నవి ప్రభుత్వ సంస్థలే. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో డిగ్రీ కాలేజీలు ఎక్కువ భాగం ప్రైవేటువి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పల్లెటూరి పిల్లలు ఉండేది ఎక్కువగా వీటిల్లోనే. వాళ్లకు ఈ పథకం అందలేదు. సొంతంగా ప్రాక్టీసు చేసుకునే డాక్టరుకు, రిటైరైన ప్రొఫెసర్‌కు కూడా దారి లేదు.

ఇంకోలా చేయడం కుదరదా అంటే, మన దేశమే ఒకసారి చేసి చూపించింది. వైద్యంలో ఏ చికిత్సకు ఎంత ఆధారం ఉందో తేల్చి చెప్పే కాక్రేన్ లైబ్రరీకి 2007లో భారత వైద్య పరిశోధన మండలి దేశం మొత్తానికి చందా కట్టింది. భారతదేశంలో ఇంటర్నెట్ ఉన్న ప్రతి ఒక్కరూ చదువుకోవచ్చు అన్నారు. నువ్వెక్కడ పనిచేస్తున్నావని ఎవరూ అడగలేదు. మా కాలేజీ స్టాఫ్‌రూమ్ అయినా, ఢిల్లీ ఎయిమ్స్ అయినా ఒకటే. వన్ నేషన్ అన్న పేరుకు తగినది ఆ పద్ధతే అని నా గట్టి అభిప్రాయం. తర్వాతి దశలోనైనా అలా చేయాలని కోరుకుంటున్నాను.

అందాకా నేను వాడే దారులు ఇవి. పబ్‌మెడ్‌లో ఎడమవైపు ఫ్రీ ఫుల్ టెక్స్ట్ అనే ఫిల్టర్ ఉంటుంది, కానీ మొదటే దాన్ని నొక్కొద్దు. ముందు అన్నీ చూసి, కావలసినవి ఎంచుకున్నాక దొరికే దారి వెతకాలి. ఫిల్టర్ ముందే పెడితే మంచి పేపర్ ఒకటి ఉందన్న సంగతే మనకు తెలియకుండా పోతుంది. కంప్యూటర్ బ్రౌజర్‌లో అన్‌పేవాల్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే, ఆ పేపర్ చట్టబద్ధంగా ఎక్కడైనా ఉచితంగా ఉన్నప్పుడు పక్కన ఆకుపచ్చ తాళం గుర్తు చూపిస్తుంది. గూగుల్ స్కాలర్‌లో పేపర్ పేరు కింద ఆల్ వెర్షన్స్ నొక్కితే రచయిత యూనివర్సిటీ సైటులో పెట్టిన ప్రతి దొరకవచ్చు. ఏదీ కుదరకపోతే రచయితకే ఈమెయిల్ రాయండి. సారాంశం పక్కనే అడ్రస్ ఉంటుంది. ఎవరు మీరు, ఏం పని మీద అడుగుతున్నారు, మూడు వాక్యాలు చాలు. జర్నల్ పేపర్లకు రచయితలకు రాయల్టీ రాదు, చదివేవాళ్లు దొరికితే వాళ్లకూ సంతోషమే. నేను అడిగినవాళ్లలో ఎక్కువమంది పంపారు, ఒకాయన అయితే పేపర్‌లో లేని డేటా కూడా జత చేశారు. పబ్లిషర్ల అనుమతి లేకుండా పేపర్లు ఉచితంగా ఇచ్చే సై-హబ్ అనే సైటు సంగతి పిల్లలు అడుగుతూనే ఉంటారు. 2020 డిసెంబరులో పబ్లిషర్లు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు, 2025 ఆగస్టులో దాన్ని దేశంలో బ్లాక్ చేయమని ఆదేశం వచ్చింది. దాన్ని నమ్ముకుని ప్రాజెక్టు మొదలుపెట్టొద్దని చెబుతున్నాను.

ఒక హెచ్చరిక. పబ్‌మెడ్‌లో ఉంది కాబట్టి మంచి పేపర్ అనుకోవద్దు. అది సూచికే, నాణ్యతకు ముద్ర కాదు. పీఎంసీ ద్వారా వచ్చే పేపర్లు కూడా పబ్‌మెడ్‌లో కనిపిస్తాయి. అలా ఒకటో రెండో పేపర్లు కనిపించగానే మా జర్నల్ పబ్‌మెడ్‌లో ఉంది అని చెప్పుకునేవాళ్లున్నారు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక పబ్లిషింగ్ సంస్థ పరిశోధకులను మోసం చేసిందని తేల్చి 2019లో అమెరికా కోర్టు ఐదు కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. మన ఊరి పేరు అలా వినిపించడం బాధ కలిగించింది. నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ పరిశీలించి ఎంచుకున్న జర్నళ్ల సూచికను మెడ్‌లైన్ అంటారు, జర్నల్ నిజంగా అందులో ఉందో లేదో ఆ లైబ్రరీ వాళ్ల కేటలాగ్‌లో చూసుకోవాలి. వెనక్కి తీసుకున్న పేపర్లకు మాత్రం పబ్‌మెడ్ పైన పెద్దగా రిట్రాక్టెడ్ అని చూపిస్తుంది. అందుకే ఎవరో పంపిన పీడీఎఫ్ వాడే ముందు దాని పేజీ ఒకసారి ఇక్కడ తెరిచి చూడటం మంచిది.

2025 మార్చి మొదట్లో సైటు కొన్ని గంటలు ఆగిపోయింది. అప్పుడు చాలామందిమి టెన్షన్ పడ్డాం. ఒక దేశ ప్రభుత్వం మీద ఇంత పని ఆధారపడి ఉందన్న సంగతి ఆ రోజు బాగా తెలిసొచ్చింది. యూరప్ పీఎంసీలో కూడా ఈ సారాంశాలు ఉంటాయి కాబట్టి ఆ చిరునామా దగ్గర పెట్టుకోండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎన్‌సీబీఐలో (ఆ లైబ్రరీలో పబ్‌మెడ్‌ను చూసుకునే విభాగం) ఉచిత ఖాతా ఒకటి తెరుచుకుని, మీ విషయం మీద చేసిన వెతుకులాటను క్రియేట్ అలర్ట్ నొక్కి దాచుకోండి. కొత్త పేపర్ వచ్చినప్పుడల్లా మెయిల్ వస్తుంది. రోజూ కాకుండా వారానికోసారి అని పెట్టుకుంటే తీరిగ్గా చదవొచ్చు. మా డిపార్ట్‌మెంట్‌లో అందరి అలర్ట్‌లూ శుక్రవారానికి పెట్టుకున్నాం, శనివారం ఆఖరి పీరియడ్‌లో కూర్చుని చూస్తాం.