వైజాగ్ బార్బెక్యూలో 5,610, చాపరాయి దగ్గర 1,200

అరకు గురించి రాద్దామని కూర్చుంటే ఇది బిల్లు గురించి అయిపోయింది, ముందే చెప్పేస్తున్నా. డిసెంబరులో నాలుగు రోజులు, ఖమ్మం నుంచి ఆరుగురం వెళ్లాం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప, అమ్మ, అక్క, బావ. శుక్రవారం పొద్దున వైజాగ్‌లో దిగినప్పటి నుంచి శనివారం సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ లేదు. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి దగ్గర మార్గశిరం రద్దీ ఉన్నా క్యూ కదిలింది. కైలాసగిరి ఎక్కాం. కురుసుర సబ్‌మెరైన్‌లో వంగి వంగి నడిచాం, బావ తలకి ఒక చోట ఇనుము తగిలింది. అంతే.

శనివారం పాప పుట్టినరోజు. టేబుల్ మధ్యలో బొగ్గుల పొయ్యి పెట్టి, చువ్వలకి గుచ్చిన ముక్కలు తెచ్చి మన ముందే కాల్చే బఫే హోటళ్లు ఉంటాయి కదా, దాని క్లాసులో ఎవరో అలాంటిదానికి వెళ్లొచ్చారట. అక్కడికే వెళ్లాలని పట్టు. పేరు రాయను, అలాంటివి ఊరికి నాలుగైదు ఉన్నాయి, పద్ధతి కూడా ఇంచుమించు ఒకటే. ఫోన్ చేస్తే వీకెండ్ రేట్లు చెప్పారు. నాన్‌వెజ్ 949, వెజ్ 799, పిల్లలకి 449, టాక్సులు వేరే. అమ్మ శనివారం ముట్టదు. ఆవిడకి ఎనిమిది వందలు పెట్టడం నాకు అక్కడే గుచ్చుకుంది. "నేను రూములో పెరుగన్నం తింటాలే" అంది అమ్మ. పుట్టినరోజు నాడు నానమ్మని రూములో వదిలేసి వెళ్తామా?

ఏడింటికి బుక్ చేస్తే కూర్చోబెట్టింది 7:35కి. ఆ ముప్ఫై ఐదు నిమిషాలు గుమ్మం పక్కన సోఫాలో, లోపలి నుంచి పొగ వాసన వస్తుంటే, పాప నా మొహం, నేను రిసెప్షన్ మొహం చూసుకుంటూ గడిపాం. మధ్యాహ్నం అందరం భోజనం తగ్గించి వచ్చాం, రాత్రికి డబ్బులు గిట్టుబాటు చేసుకోవాలని. ఆ ఐడియా బావది.

కూర్చోగానే టేబుల్ మీద చిన్న జెండా పెట్టారు. అది నిలబడి ఉన్నంతసేపూ ముక్కలు వస్తూనే ఉంటాయి, చాలనుకుంటే దించేయాలి. వినడానికి బాగుంది. వచ్చినవేమిటంటే, మొదట ఆలుగడ్డ. పైన ఏదో తెల్లటి సాస్ పోసి, లోపల మెత్తగా, నిజంగానే రుచిగా ఉంది. తర్వాత వేయించిన మొక్కజొన్న గింజలు. మళ్లీ ఆలుగడ్డ. రొయ్యలు ఒక చువ్వకి నాలుగు చొప్పున రెండు చువ్వలు వచ్చాయి, తినేవాళ్లం ఐదుగురం. నిమ్మకాయ, వెల్లుల్లి పట్టించి సరిగ్గా కాల్చారు, దాని మీద ఒక్క మాట కూడా అనలేను. ఆ తర్వాత రొయ్యలు అడిగిన ప్రతిసారీ "వస్తున్నాయి సర్" అన్నారు. నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ వచ్చింది ఆలుగడ్డే. ఇది వ్యాపారమని నాకు తెలుసు. పిండిపదార్థంతో కడుపు నింపేస్తే ఖరీదైనవి మిగులుతాయి. తెలిసీ నేనే ఆరు ముక్కలు తిన్నాను, ఆకలి అలాంటిది.

చేప ముక్కలు బాగున్నాయి, చికెన్ ఓ మోస్తరు. మటన్ సీక్ కబాబ్ చువ్వ చివర బొగ్గైపోయి మధ్యలో చల్లగా ఉంది. అన్నిటికంటే బాగున్నది అనాసపండు. దాల్చినచెక్క పొడి, చక్కెర అద్ది కాలిస్తే అంచులు పాకంలా కరిగి పళ్లకి అంటుకుంటున్నాయి. అమ్మ నాలుగు పుట్టగొడుగులు, ఒక పనీరు ముక్క తిని, అనాస మాత్రం వరసగా ఐదు చువ్వలు లాగించింది. "ఇదొక్కటే ఎనిమిది వందలు చేస్తుంది" అంది, నన్ను ఊరడించడానికే.

ఎనిమిదిన్నరకి పుట్టినరోజు కార్యక్రమం. కుర్రాళ్లు ఆరుగురు చప్పట్లు కొడుతూ వచ్చి పాప తల మీద ప్లాస్టిక్ కిరీటం పెట్టారు, పాట పాడారు, అరచేతిలో పట్టేంత కేకు కోయించారు. పాప మొహం వెలిగిపోయింది. రెండు నిమిషాలకి అదే కిరీటం తీసుకెళ్లి పక్క టేబుల్ తాతగారికి పెట్టారు. ఆ రాత్రి మేమున్నంతసేపట్లో నాలుగు తలలు మారింది అది. ఇంకెవరి పుట్టినరోజు అని పాప లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

8:50కి, మేమింకా అన్నం, కూరల వైపు వెళ్లకముందే, ఒకాయన వచ్చి "సర్, తొమ్మిదింటికి నెక్స్ట్ స్లాట్ ఉంది" అన్నాడు. మరి మాది ఏడింటిది కదా, మీరు కూర్చోబెట్టింది ఏడున్నర దాటాక కదా అంటే నవ్వి వెళ్లిపోయాడు. బిర్యానీ నేను రుచి కూడా చూడలేదు. బావ చూశాడు, "ఖమ్మంలో మన బస్టాండ్ దగ్గరిదే నయం" అన్నాడు. కుల్ఫీ కౌంటర్ దగ్గర అక్క, మా ఆవిడ ఫోటోలు తీసుకుంటుంటే జెండా దానంతటదే పడిపోయింది. లేక పక్కనే నిలబడ్డ కుర్రాడు దించాడో.

ఇక బిల్లు. తిండికి 5,044. నీళ్ల సీసాలు రెండు, ఒక్కోటి 60. పాప తాగిన నీలం రంగు డ్రింకు 179. అది "వెల్కమ్ డ్రింక్ కావాలా పాపా" అని తెచ్చి పెట్టినదే, మేం ఉచితమనుకున్నాం. సరే, తాగాం, ఇచ్చేద్దాం. మొత్తం 5,343. దాని కింద సర్వీస్ చార్జి 10 శాతం, 534 రూపాయల 30 పైసలు. ఆ సర్వీస్ చార్జిని కూడా కలిపి దాని మీద 5 శాతం జీఎస్టీ. అంతా కలిపి 6,171.

మాకు చేసిన సర్వీసేంటంటే అరగంట నిలబెట్టడం, రొయ్యలు అడిగితే ఆలుగడ్డ తేవడం, తినకముందే లేపడం. నేను మేనేజరుని పిలిచాను. "సిస్టమ్‌లో ఆటోమేటిగ్గా వస్తుంది సర్." సిస్టమ్‌లో వస్తే సిస్టమ్‌లోంచి తీసేయండి అన్నాను. "మెనూలో రాసి ఉంది సర్." ఎక్కడ రాసి ఉన్నా 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ స్పష్టంగా చెప్పింది, హోటలు వాళ్లు తమంతట తాము బిల్లులో సర్వీస్ చార్జి వేయకూడదని. ఇష్టమైతే మనం ఇస్తాం, లేకపోతే లేదు. హోటళ్ల సంఘాలు కోర్టుకి వెళ్తే 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు కూడా అదే మాట అంది. ఇది నేను గుక్క తిప్పుకోకుండా చెప్పేసరికి పక్క టేబుల్ తాతగారు, ఇందాక కిరీటం పెట్టించుకున్నాయనే, మా వైపు తిరిగి కూర్చున్నారు.

బావకి మాత్రం ప్రాణం మీదికొచ్చింది. "ఐదొందల కోసం పరువెందుకు తీస్తావు బావా, నేనిస్తా" అని జేబులో చెయ్యి పెట్టాడు. మా ఆవిడ ఫోన్‌లో తల దూర్చేసింది. అమ్మ ఒక్కతే నా పక్షం. "వాడు అడిగేది తప్పా?" అంది బావతో. నేను 1915కి, అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ కలుపుతానన్నాను. ఇంకా నంబరు నొక్కనే లేదు, కొత్త బిల్లు వచ్చేసింది. 5,610. తేడా 561 రూపాయలు. ఒక్క నిమిషంలో అయ్యే పనికి పావుగంట వాదన. తీసేసినందుకు కోపం లేదు కానీ, అడగని వాళ్ల దగ్గర రాత్రికి ఎంత లాగుతారో లెక్కేస్తే కడుపు మండింది.

మాకు వడ్డించిన కుర్రాడిది రాజాం దగ్గర పల్లెటూరట. వెళ్లేటప్పుడు "సర్, నా పేరు రాసి ఐదు స్టార్లు పెట్టండి" అని మెల్లగా అన్నాడు. సర్వీస్ చార్జిలో మీకేమైనా ఇస్తారా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. వాడి చేతిలో వంద పెట్టాను. స్టార్లు పెట్టలేదు.

మీరు వెళ్లేట్టయితే వారం మధ్యలో మధ్యాహ్నం పూట వెళ్లండి, రేటు తగ్గుతుంది, స్లాట్ పోరు ఉండదు. కూర్చోగానే రొయ్యలు, చేపలు అడగండి, ఆలుగడ్డ రెండో ప్లేటు వద్దని చేతులడ్డం పెట్టండి. నీళ్లు మామూలివి చాలనండి. సర్వీస్ చార్జి సంగతి బుక్ చేసేటప్పుడే ఫోన్‌లో తేల్చుకుంటే నాలాగా అందరి ముందూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. శాకాహారుల్ని మాత్రం తీసుకెళ్లొద్దు, దండగ.

ఆదివారం పొద్దున్నే కిరండూల్ రైలెక్కాం. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో పిల్లలందరూ ఒక్కసారిగా అరుస్తున్నారు. బావ నాతో దారంతా మాట్లాడలేదు. అరకులో రూము 2,400, వేడినీళ్లు ఆరు నుంచి ఎనిమిది వరకే వస్తాయని తొమ్మిదింటికి చెప్పారు. దాని గురించి ఇంకేం రాయను, నా కోపమంతా వైజాగ్‌లోనే ఖర్చయిపోయింది.

మధ్యాహ్నం జీపు మాట్లాడుకుని, రానూపోనూ 900, పాడేరు రోడ్డులో చాపరాయి వెళ్లాం. రాళ్ల మీద నీళ్లు జారుతుంటాయి, జనం ఎక్కువ. ఆ బయటే బొంగు చికెన్, అంటే వెదురు గొట్టంలో పెట్టి కాల్చిన కోడి, అమ్మేవాళ్ల పాకలున్నాయి. మన తెలంగాణలో బొంగు అంటే తిట్టులా వాడే మాట కదా, బోర్డు చదివి బావ పడీపడీ నవ్వాడు. మాటలు అక్కడ కలిశాయి మళ్లీ.

నేను వరసగా నాలుగు పాకలు చూశాను. కొన్నిచోట్ల సగం కాల్చిన బొంగులు నిప్పు పక్కన నిలబెట్టి ఉంచారు, జనం రాగానే వేడిచేసి ఇస్తారు. అవి వద్దు. చివరి పాకలో ఒకావిడ మా కళ్ల ముందే తూచింది. కిలో బొంగు 600, రెండు చెప్పాం. కోడి ముక్కలకి అల్లంవెల్లుల్లి, పసుపు, ఉప్పు, కారం, ధనియాల పొడి పట్టించి, నిమ్మకాయ పిండి, పచ్చి వెదురు బొంగులోకి వేళ్లతో తోసింది. నూనె చుక్క లేదు, నీళ్లు లేవు. బొంగు అడుగున కణుపే మూత, పైన ఆకులు ఉండచుట్టి బిరడాలా బిగించింది. వెదురు పచ్చిగానే ఉండాలట. ఎండుదైతే కూర ఉడికేలోపు బొంగు కాలిపోతుంది, పచ్చిదానిలో తడే లోపల ఆవిరవుతుంది. నిప్పుల మీద ఏటవాలుగా పెట్టి తిప్పుతూ కూర్చుంది.

అరగంటకి ఆకుల సందుల్లోంచి బుసలు కొడుతూ ఆవిరి, సన్నగా రసం బుడగలు. వాసనకి బావ లేచి నిలబడ్డాడు. "తీసేయొచ్చేమో" అన్నాడు. "ఇంకో పావుగంట ఆగండి బాబూ, తొందరపడితే ఎముక కాడ పచ్చిగా ఉంటాది" అందావిడ. ఆగాం. నల్లగా మాడిన బొంగుని అడ్డాకుల విస్తరిలోకి వంచి రెండు దెబ్బలు కొడితే ముక్కలు జారాయి, వాటి వెనకే గిన్నెడు రసం. ముక్క ఎముక నుంచి ఊడి వస్తోంది. కారం మితంగా ఉంది, చివర్లో నాలుక మీద పచ్చి వెదురు వాసన. అమ్మకి ఆదివారం కాబట్టి అడ్డం లేదు, ఆ రసం అరచేతిలో పోసుకుని తాగింది. ఆవిడ అలా తినడం నేను చాలా ఏళ్లకి చూశాను. పాప ఒక్కటే అనాసపండు లేదా అని అడిగింది.

1,200 ఇచ్చాం. బిల్లు లేదు, జెండా లేదు. ఉల్లిపాయలు, నిమ్మకాయ అడిగితే ఊరికే ఇచ్చింది. కూర్చోవడానికి రెండు బల్లలే, చేతులు కడగడానికి డ్రమ్ములో నీళ్లు, మరుగుదొడ్డి అడగొద్దు. అక్కకి అది నచ్చలేదు, న్యాయమే. తొందర ఉన్నవాళ్లు కూడా వెళ్లొద్దు, ముప్పావుగంట ఓపిక లేకపోతే ఆ సగం కాల్చినవే తినాల్సి వస్తుంది.

సోమవారం కారు మాట్లాడుకుని, 3,500, బొర్రా గుహలు చూసుకుని ఘాట్‌రోడ్డులో దిగాం. దారిలో అనంతగిరి దగ్గర చీకులు తిన్నాం, పుల్లకి 50, మసాలా గాఢంగా, బాగున్నాయి. అక్కడే బావ ఇంకో బొంగు పార్సిల్ కట్టించాడు, 650, రైల్లో తిందామని. పార్సిల్ మాత్రం కట్టించుకోవద్దు. వైజాగ్ స్టేషన్‌కి వచ్చేసరికి రసమంతా కవర్లోకి కారి, ముక్కలు చల్లబడి నారలా అయ్యాయి. అమ్మ వాసన చూసి పక్కకి తోసేసింది. అనకాపల్లి దాటాక బావే పైబెర్తు ఎక్కి, ఎవరికీ చెప్పకుండా, మొత్తం తిన్నాడు.