ఎస్‌టీసీ-1000 కంట్రోలర్: బెజవాడలో మూడు చలికాలాలు వాడాక

మేలో ఫ్యాన్ కింద కూర్చున్నా ఉడికిపోయే ఊళ్లో పెంపుడు పాముకి హీటరేమిటని అడిగేవాళ్లున్నారు. నిజమే, ఇక్కడ హీటింగ్ కావాల్సింది డిసెంబర్, జనవరి రాత్రుల్లో, లేదంటే రోజంతా ఏసీ వేసే గదిలో. అందుకే బెజవాడ, గుంటూరు వాళ్లు కంట్రోలర్‌ని, అంటే వేడి చూసి హీటర్‌ని దానంతటదే వేసి ఆపే పెట్టెని, హీటర్ వెయ్యడానికి కన్నా ఆపడానికే ఎక్కువ కొనాలి. ఆ లెక్కన ఎస్‌టీసీ-1000 ధరకి తగ్గ సరుకే. కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకుని నిద్రపోకూడదు.

ఒక ముక్క ముందే చెప్పాలి. ఇదంతా బాల్ పైథాన్ (కొండచిలువ జాతి పాము), లెపర్డ్ గెక్కో (బల్లి), బియర్డెడ్ డ్రాగన్ (తొండ లాంటిది) లాంటి బయటి దేశాల జీవుల గురించి. నక్షత్ర తాబేలు వంటి మన అడవి జీవుల్ని ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

కొనేటప్పుడు వెనక స్టిక్కర్ చదవండి. 12, 24 వోల్టుల మోడళ్లు కూడా చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటాయి, వాటికి ఇంటి కరెంటు ఇస్తే అంతే సంగతులు. 220 వోల్టుల దాంట్లో వెనక వైర్లు బిగించే టెర్మినళ్లలో 1, 2 సప్లై, 3, 4 సెన్సర్, 5, 6 హీటింగ్, 7, 8 కూలింగ్. లోపలుండే రిలేలు ఉత్త స్విచ్చులు, 5కి కరెంటు దానంతటది రాదు. ఫేజ్‌ని 1కి ఇచ్చి, అక్కణ్నుంచి చిన్న వైరు ముక్కతో 5కి లంకె వెయ్యాలి. 6 నుంచి హీటర్‌కి, హీటర్ రెండో కొస తిన్నగా న్యూట్రల్‌కి. టూ పిన్ ప్లగ్ పెడితే అది తిరగబడి గుచ్చినప్పుడు రిలే న్యూట్రల్‌ని కట్ చేస్తుంది. హీటర్ ఆగినట్టే ఉంటుంది, హోల్డర్‌లో మాత్రం ఫేజ్ అలాగే ఉంటుంది. త్రీ పిన్ ప్లగ్ వాడి, టెస్టర్‌తో చూసుకోండి. మర హోల్డర్‌లో ఫేజ్ అడుగున మధ్యలో ఉండే రేకుకి రావాలి, మర చుట్టుకి రాకూడదు. వెనక టెర్మినళ్లు బయటికే ఉంటాయి కాబట్టి ప్లాస్టిక్ జంక్షన్ బాక్సులో బిగించక తప్పదు.

సెట్టింగుల్లో ఎఫ్1 కావాల్సిన వేడి, ఎఫ్2 తేడా. ఎఫ్2ని 0.3కి పెడితే రిలే ఊరికే టిక్కుటిక్కుమని కొట్టుకుని తొందరగా అరుగుతుంది, 1.0 చాలు. ఎఫ్1 31 అయితే 30 దగ్గర వేసి 31 దగ్గర ఆపుతుంది. సెన్సర్‌కీ సెన్సర్‌కీ ఒకటి రెండు డిగ్రీల తేడా మామూలే. గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లలో సెన్సర్ కొసనీ, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ కొసనీ ఆనించి పట్టుకోండి. బీప్ రాగానే రెండు అంకెలూ చూసి, తేడాని ఎఫ్4లో సరిచెయ్యండి. ఆలస్యం చేస్తే నీళ్లు చల్లారతాయి, థర్మామీటర్ మాత్రం పాత అంకె మీదే ఉండిపోతుంది. కరెంటు పోయొచ్చినా సెట్టింగులు చెరిగిపోవు, ఇది నిజంగా మెచ్చుకోవాల్సిన విషయం.

రెండడుగుల గాజు ట్యాంకులో గెక్కోకి 14 వాట్ల హీట్ మ్యాట్ (ట్యాంకు కింద పరిచే వేడి పట్టా) సరిపోతుంది. అడుగున మూడో వంతు మించి పరవొద్దు. ట్యాంకు కింద అరంగుళం రబ్బరు కాళ్లు లేకపోతే వేడి కింద చిక్కుకుని గాజు పగలొచ్చు. కొబ్బరి పొట్టు మందంగా పోసినా అదే గొడవ, పైన చల్లగానూ కింద మాడేలానూ ఉంటుంది. సెన్సర్‌ని బయట, మ్యాట్‌కీ గాజుకీ మధ్య పెడితే గెక్కో దాన్ని కదపలేదు. అప్పుడు సెన్సర్ చూపే అంకె, లోపల గెక్కో కూర్చునే టైల్ మీది వేడి ఒకటి కావు. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో టైల్ మీద 32, 33 వచ్చేదాకా ఎఫ్1 సర్దుకోవాలి.

నాలుగడుగుల ప్లైవుడ్ పెట్టెలో బాల్ పైథాన్‌కి 100 వాట్ల సిరామిక్ హీటర్. వెలుగు ఉండదు కాబట్టి వెలిగిందో లేదో కంటికి తెలీదు, పై పొర మాత్రం 200 డిగ్రీలు దాటుతుంది. పింగాణీ హోల్డరే వాడాలి, బేకలైట్ పెళుసెక్కి చిట్లుతుంది. హోల్డర్ దగ్గరి అడుగు వైరుకి ఫైబర్ స్లీవ్, చుట్టూ ఇనుప జాలీ, చెక్కకి ఎనిమిది అంగుళాల దూరం. వోల్టేజీనీ లెక్కలోకి తీసుకోండి. 230 వోల్టుల హీటర్ 190 దగ్గర 68 వాట్లే ఇస్తుంది, 250 వస్తే 118కి పోతుంది.

అసలు ప్రమాదం సెన్సర్ దగ్గరే ఉంది. సెన్సర్ తెగితే కంట్రోలర్ ఈఈ అని చూపించి, కూత పెట్టి, హీటర్ ఆపేస్తుంది. అదే పాము తోసేసి సెన్సర్ పెట్టె బయట వేలాడిందనుకోండి, అది గది చలినే నిజమనుకుని తెల్లార్లూ హీటర్ నడుపుతుంది. టేపుతో అంటించొద్దు, జిగురుకి పాము పొలుసులు ఊడొస్తాయి. పాము వీపు ఎత్తులో క్లిప్పు పెట్టి స్క్రూతో బిగించాలి. రెండో ప్రమాదం రిలే కాంటాక్టులు అతుక్కుపోవడం, అప్పుడు తెర మీద అంకె ఎంత పెరిగినా హీటర్ ఆగదు. ఇంట్లో ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్చు) దీన్ని పట్టదు, 100 వాట్లంటే అర ఆంపియర్ కూడా కాదు కదా. రెండో కంట్రోలర్‌ని సిరీస్‌లో, అంటే కరెంటు రెండింటి గుండా పోయేలా పెట్టి, దాని సెన్సర్‌ని వేరే గోడకి బిగించి 35కి సెట్ చెయ్యడమే మార్గం. ముందొక 1 ఆంపియర్ ఫ్యూజు, లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసేది) కూడా ఉండాలి.

బియర్డెడ్ డ్రాగన్ వేడి కాచుకునే బాస్కింగ్ బల్బుకి ఈ కంట్రోలర్ అంత నప్పదు. ఆన్-ఆఫ్ దెబ్బకి ఫిలమెంట్ పోతుంది, వెలుగు పోయి రావడం జంతువుకీ చికాకు. బల్బు ఎత్తు సర్ది టైమర్ మీద నడిపి, వేడి 42 దాటితే కట్ చెయ్యడానికి మాత్రం వాడుకోండి. యూవీ ట్యూబ్‌కి వేరే లైను.

కూలింగ్ టెర్మినళ్లు 7, 8కి ఎగ్జాస్ట్ ఫ్యాన్ తగిలిస్తే మార్చి దాకా బాగానే ఉంటుంది. మేలో గదే 40 ఉంటే ఫ్యాను తోసేదీ ఆ 40 గాలినే. ఆ నెలల్లో హీటర్ ప్లగ్ పీకేసి, గదినే చల్లబరచాలి.

నెలకోసారి ప్లగ్ తీసి టెర్మినల్ స్క్రూలు బిగించండి, 3లోంచి సెన్సర్ వైరు ఊడదీసి మళ్లీ ప్లగ్ పెట్టండి. ఈఈ రావాలి, 6 దగ్గర టెస్టర్ వెలగకూడదు. వెలిగితే రిలే అతుక్కున్నట్టే, దాన్ని అప్పుడే మార్చెయ్యండి.