షెడ్డులో దాచుకోవడానికి ఏది మేలు: అంబాసిడరా, జిప్సీనా, సెల్టోసా?

పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన మొదటి మోడల్ సెల్టోస్. 2019 ఆగస్టులో అమ్మకాలు మొదలయ్యాయి. పెనుకొండ ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్నా, అప్పటికి అనంతపురం జిల్లానే. మన మట్టిలో పుట్టిన తొలి కారు కదా, ఆ ఏడాది బండిని అమ్మకుండా దాచుకుంటే రేపు క్లాసిక్ అయి కూర్చోదా అన్న ఆశ సహజమే. కాకపోతే దాచడం వేరు, యాభై ఏళ్ల తర్వాత తాళం తిప్పితే స్టార్ట్ కావడం వేరు.

యాభై ఏళ్లన్నది నోటికొచ్చిన లెక్క కాదు. 2021లో వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన టూవీలర్, ఫోర్ వీలర్‌నే వింటేజ్ అంటారు. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఫీజు రూ.20,000, అది పదేళ్లు చెల్లుతుంది, నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. రోజువారీ తిరగడానికి మాత్రం వాడకూడదు. ఈ లెక్కన 1983 డిసెంబరులో రోడ్డెక్కిన తొలి మారుతీ 800లకు 2033లో ఆ అర్హత వస్తుంది. 2019 సెల్టోస్‌కు 2069లో. అప్పటిదాకా అది మామూలు కారే: పదిహేనేళ్లకు ఒకసారి, ఆపైన ప్రతి ఐదేళ్లకూ ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి. 2034 నుంచి 2064 దాకా ఏడుసార్లు ఆర్టీవో ముందు నిలబెట్టి, లైట్లు వెలుగుతున్నాయని, పొగ పరిమితిలోనే ఉందని ఒప్పించాలన్నమాట.

అందుకే ఏ కారు దాచాలన్నా ఒకటే ప్రశ్న వేసుకోవాలి. పోయిన పార్టును ఊళ్లో లేత్ మీద గానీ, వెల్డింగ్ షాపులో గానీ చేయించుకోగలమా?

అంబాసిడర్‌కు ఈ ప్రశ్నే అక్కర్లేదు. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ అరిగితే బోరు చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తారు. కాంటాక్ట్ పాయింట్ గ్యాప్ 0.4 మి.మీ. దగ్గర, ప్లగ్ గ్యాప్ 0.6 మి.మీ. దగ్గర పెట్టి, పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్ జెట్లు ఊది బిగిస్తే బండి పలుకుతుంది. హెడ్‌లైటు ఏడంగుళాల గుండ్రటిది, జీపులకు వేసేదే. పార్టు ఇక్కడ అనంతపురంలో దొరక్కపోతే రెండొందల కిలోమీటర్ల పైచిలుకు వెళ్లి బెంగళూరు జేసీ రోడ్డులో వెతకాలి, అంతే.

ఇబ్బంది వేరేచోట ఉంది. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలు పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. ముందు పెట్రోల్ పైపులు, పంపు డయాఫ్రమ్, కార్బొరేటర్ గాస్కెట్లు మార్చాలి. పైపులు ఇథనాల్‌కు తట్టుకునే ఫ్లోరో రబ్బరువే అడగాలి. బండి నెలకు పైగా కదలదనుకుంటే కార్బొరేటర్ ఫ్లోట్ చాంబర్ ఖాళీ చేసి పెట్టాలి, లేకపోతే ఇథనాల్ లాగిన తేమకు జెట్లు పాచిపట్టి మూసుకుపోతాయి.

రెండోది రేడియేటర్. అనంతపురం బోరు నీళ్లు ఎంత ఉప్పు పేరుస్తాయో ఇంట్లో గీజరు విప్పితే తెలుస్తుంది. అదే తెల్లటి పొర రేడియేటర్ గొట్టాల్లో పేరుకుని, ఎండాకాలం కాలవ గట్టు ఎక్కగానే బండి కాగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం తప్ప ఇంకోటి పోయకూడదు.

మన గాలి పొడిగాలి కాబట్టి తుప్పు తక్కువేగానీ, అంబాసిడర్‌కు విడిగా ఛాసీ (కింది ఇనుప చట్రం) ఉండదు, బాడీయే ఛాసీ. డోర్ల కింద సిల్ భాగాన్ని స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. దిగబడితే ఆ బండి జోలికి పోకండి. ఇంకొక మాట, పెట్రోల్ ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ వేసిన అంబాసిడర్లు బోలెడు. వింటేజ్ నిబంధన ఇంజన్, ఛాసీ, బాడీ మార్చొద్దంటుంది. ఎంత మెరిపించినా ఆ బండికి 'వీఏ' నంబరు రాదు.

సెల్టోస్ దగ్గర లేత్ పని చెల్లదు. ఇంజన్ కంట్రోల్ యూనిట్, బాడీ కంట్రోల్ మాడ్యూల్ (రెండూ కారులోని చిన్న కంప్యూటర్ బోర్డులు), తాళం చెవి ఒకదాన్నొకటి గుర్తుపడితేనే బండి కదులుతుంది. గుజిరీలో వేరే బండిది తెచ్చి తగిలిస్తే సరిపోదు, కంపెనీ స్కానర్‌తో జత కలపాలి. ఆ స్కానర్, దానికి అనుమతిచ్చే సర్వరు 2060లో ఉంటాయా అన్నదే అసలు పందెం. ఇంజన్ కాదు, బోర్డులు ముందు పోతాయి. వాటిల్లోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికి సుమారు సగం తగ్గుతుంది, మన ఏప్రిల్ మే ఎండలో ఆరుబయట నిలిపిన కారు లోపల ఎంత ఉడుకుతుందో చెప్పక్కర్లేదు. స్క్రీన్లకు చిప్పుల బాధ వేరే. 2021లో అమెరికాలో టెస్లా దాదాపు లక్షా 35 వేల మోడల్ ఎస్, ఎక్స్ కార్లను వెనక్కి పిలిచింది కేవలం స్క్రీన్ వెనక ఉన్న 8 జీబీ మెమరీ చిప్పు అరిగిపోతోందనే. అరిగేది టైరేకాదు, చిప్పు కూడా.

నిలిపి ఉంచడం కూడా దీనికి పడదు. తాళం వేసి వెళ్లినా మాడ్యూళ్లు కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్లనుకుంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్, 45 ఆంపియర్ అవర్ బ్యాటరీ మూడు వారాల్లోపే సగానికి దిగుతుంది. బ్యాటరీ వోల్టేజీ పడిపోయినప్పుడు తలాతోకా లేని ఎర్రర్ లైట్లు వెలుగుతాయి, లేని జబ్బుకు మందు వేసేది అప్పుడే. ఎలుకలు వైర్లు కొరికితే అసలు జబ్బే.

అయినా సెల్టోసే దాచాలనుకుంటే టాప్ మోడల్ వద్దు. ఇప్పుడు ఎవరూ మోజుపడని, పెద్ద స్క్రీన్ లేని, మాన్యువల్ గేర్ల 1.5 పెట్రోల్ తీసుకోండి. అరుదుదనం మాటకొస్తే 1.4 టర్బో మాన్యువల్ ముందుంటుంది, ఆ ఇంజన్ 2023లో ఆగిపోయింది. కానీ డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్‌ను యాభై ఏళ్లు కాపాడాలని కలలో కూడా అనుకోవద్దు. ఎలక్ట్రిక్ కార్ల కథ ఇంకా కష్టం. లిథియం బ్యాటరీ తిరిగినా తిరగకపోయినా వయసుకే క్షీణిస్తుంది.

అంబాసిడర్‌కూ సెల్టోస్‌కూ నడుమ నిలిచేది మారుతీ జిప్సీ. నా ఓటు దానికే. 1985 నుంచి 2019 దాకా వచ్చింది, చివరి ఏళ్లలో 1.3 లీటర్ల మల్టీపాయింట్ ఇంజెక్షన్ పెట్రోల్. కార్బొరేటర్ తంటా లేదు, బొమ్మల స్క్రీన్ లేదు, సెన్సర్లు లెక్కపెట్టుకునేన్ని. విడి ఛాసీ, ఏడంగుళాల హెడ్‌లైటు, స్ప్రింగ్ పట్టీలు, యూనివర్సల్ జాయింట్లు అన్నీ చేతికందేవే. ఊళ్లో చవగ్గా దొరికే బండి కాదుగానీ, మిలిటరీ వేలంలో వచ్చినవి ఉంటాయి. అవి కొంటే ఛాసీ, ఇంజన్ నంబర్లు ఆర్సీతో సరిచూసుకోండి. బాడీ ఫ్లోర్‌కు, వెనక చక్రాల పైన తుప్పు తప్పకుండా ఉంటుంది, దాని ఖర్చు ధరలో తగ్గించి అడగాలి. (సీమ అనగానే సినిమావాళ్లు గాల్లోకి లేపే సుమోలను మరిచిపోలేదు. పనికి వాడి వాడి పారేయడంతో నిఖార్సయిన 1990ల సుమో ఇప్పుడే అరుదు. దొరికితే వదలొద్దు.)

ఏ బండైనా పదిహేను రోజులకోసారి 15, 20 కిలోమీటర్లు తిప్పాలి. ఊరికే స్టార్ట్ చేసి ఐదు నిమిషాలకు ఆపితే ఆయిల్‌లోకి తేమ చేరుతుందే తప్ప లాభం లేదు. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి, తిరగకపోయినా.

సెల్టోస్ కొనేవాళ్లు మాత్రం ఒకటి చూసుకోవాలి. రెండు తాళాలూ, వాటితోపాటు వచ్చిన చిన్న కోడ్ బిళ్ల ఉన్నాయా అని. ఉన్న ఒక్క తాళమూ పోయిందంటే బండి స్టార్ట్ చేయడానికి మళ్లీ ఆ స్కానర్, ఆ సర్వరే దిక్కు.