విదేశీ బోటు సిబ్బందితో మాట్లాడాలంటే: యాప్, దుబాసీ, బొమ్మల కార్డు.. ఏది మేలు?

నిజాంపట్నం, మచిలీపట్నం రేవుల్లో పనిచేసే మత్స్యశాఖ వాళ్లు పదేపదే అడిగేది ఇదే: కోస్ట్‌గార్డ్ ఏ బంగ్లాదేశ్ బోటునో శ్రీలంక బోటునో పట్టి ఒడ్డుకు తెస్తే, అందులోని వాళ్లతో మాట్లాడేదెలా?

అనువాద యాప్ పేరు, ఊరు, వయసు వరకు పనికొస్తుంది. ఇంజన్ హోరులో దానికి మాట అందదు. చిట్టగాంగ్ యాస పుస్తకాల బెంగాలీకి చాలా దూరం. యాప్ ఏదో ఒక వాక్యం అల్లేస్తుంది, అది తప్పని పట్టుకునే దారి మనకు లేదు. తీరం దాటాక సిగ్నల్ కూడా ఉండదు కాబట్టి ఆఫ్‌లైన్ ఫైలు ముందే దించుకోవాలి.

వాంగ్మూలానికి మాత్రం దుబాసీ ఉండాల్సిందే. అరెస్టు చేస్తే కారణం చెప్పాలని రాజ్యాంగం 22వ అధికరణం అంటుంది, విదేశీయుడికైనా సరే. బెంగాలీ, తమిళం వచ్చినవాళ్లు విజయవాడలో దొరుకుతారు, సింహళమే కష్టం. ఎవరైనా రేవుకు చేరేసరికి గంటలు పడుతుంది.

ఆ మొదటి గంటలకు బొమ్మల కార్డే, అంటే ప్రశ్నలు, బొమ్మలు అచ్చువేసిన కాగితమే మేలు. ఎందుకంటే జవాబు కూడా భాషతో పని లేకుండా వస్తుంది. బెదిరిపోయిన మనిషిని ‘ఇక్కడ వేటాడావా?’ అంటే దేనికైనా తలూపుతాడు. అదే ‘వల ఎక్కడ వేశావు?’ అన్న ప్రశ్న చూపించి బంగాళాఖాతం చార్టు (సముద్ర పటం) ముందుపెడితే వేలు పెట్టి చూపిస్తాడు. కాబట్టి అవును, కాదు అనే ప్రశ్నలు కార్డులో ఉండకూడదు.

ఏ4 సైజు చాలు. ఒకవైపు నంబర్లు వేసిన పన్నెండు ప్రశ్నలు, తెలుగు పక్కన బెంగాలీ, సింహళం, తమిళం. మొదటి ప్రశ్న గాయాలు, జబ్బుల గురించే ఉండాలి. రెండోవైపు వలలు, చేపల బొమ్మలు, క్యాలెండర్, చార్టు. చదువురాని వాళ్లూ ఉంటారు, బొమ్మలే వాళ్లకు ఆధారం. ప్రశ్నలు ఒకరు ఆ భాషల్లోకి రాశాక, సరిగ్గా ఉన్నాయో లేదో ఇంకొకరి చేత తిరిగి తెలుగులో చెప్పించుకోవాలి. లామినేషన్‌లో కాగితం చుట్టూ ప్లాస్టిక్ అంచు అర అంగుళం వదలకపోతే ఉప్పునీరు లోపలికి దిగుతుంది. గుంటూరు అరండల్‌పేటలో ఆ పని గంటలో అయిపోతుంది.

కెప్టెన్‌కు వచ్చిన నాలుగు ఇంగ్లిషు ముక్కలు, సైగలు పలకరింపుకే.

కార్డు ఉన్నా రెండుచోట్ల పొరపాటు జరుగుతుంది. బెంగాలీ అంకెల్లో నాలుగు మనకు 8లా, ఏడు 9లా కనిపిస్తుంది. లాగ్‌బుక్‌లో 47 ఉంటే 89 అని రాసుకునే ప్రమాదం ఉంది. బంగ్లాదేశ్ గడియారం మనకంటే అరగంట ముందు, శ్రీలంకది మన సమయమే. అందుకే చెప్పిన టైము ఏ దేశానిదో పక్కనే రాయాలి. జీపీఎస్ ప్లాటర్ (బోటు తిరిగిన చోట్లు తెరపై చూపే పరికరం) మీది గుర్తులను మాత్రం బ్యాటరీ తీసేలోపే, తేదీ, సమయం కనిపించేలా ఫోటో తీసుకోవాలి.