నికాన్ డి3500, 35ఎంఎం లెన్స్: చెన్నైలో నాలుగేళ్లు వాడాక

నా బడ్జెట్ 35,000. అందులో 24,000 పెట్టి 2021లో సెకండ్ హ్యాండ్ నికాన్ డి3500 కెమెరా తీసుకున్నాను, దానితో పాటే వచ్చే 18-55 జూమ్ లెన్స్ (కిట్ లెన్స్ అంటారు) సహా. అమ్మినాయన ఎప్పుడూ బీరువాలోనే ఉండేదని చెప్పాడు. డబ్బులిచ్చే ముందు ఒక ఫొటో తీసి ఫైలు వివరాల్లో షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో, చూశాను. మూడు వేలు కూడా లేదు. పాపం, నిజమే చెప్పాడు.

నేను బోల్తా పడింది లెన్స్ దగ్గర. మిగిలిన డబ్బుతో ఒక దుకాణంలో పాత 50ఎంఎం ఎఫ్1.8డి కొన్నాను. గదికొచ్చి బిగిస్తే, ఫోకస్ కోసం షట్టర్ బటన్ సగం నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. పాడైన సరుకు అంటగట్టాడనుకున్నాను. అసలు సంగతి, డి3500 బాడీలో (లెన్స్ కాకుండా మిగిలిన కెమెరా) ఫోకస్ తిప్పే మోటార్ లేదు, ఆ డి రకం లెన్స్‌లోనూ ఉండదు. చేత్తో తిప్పుకోవాల్సిందే. అదే లెన్స్ బాడీలోనే మోటార్ ఉన్న నికాన్ డి7500కి తగిలిస్తే చక్కగా ఫోకస్ అవుతుంది. మన బాడీకి లెన్స్ పేరులో ఏఎఫ్-ఎస్ గానీ ఏఎఫ్-పీ గానీ ఉండాలి, అంటే మోటార్ లెన్స్‌లోనే ఉన్నట్టు. బాడీ ఏదని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. వెనక్కి తీసుకోనన్నాడు. వెయ్యి రూపాయలు పోగొట్టుకుని ఇంకొకరికి అమ్మేశాను.

తర్వాత సెకండ్ హ్యాండ్‌లోనే ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35ఎంఎం ఎఫ్1.8జి దొరికింది. బరువు 200 గ్రాములే. దీని విలువ నాకు తెలిసింది నవరాత్రుల ముందు మైలాపూర్ మాడ వీధిలో, బొమ్మల కొలువు అంగళ్ల దగ్గర. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత పెద్దగా తెరుచుకుంటుంది. కిట్ లెన్స్ పూర్తిగా జూమ్ చేసిన 55 దగ్గర ఎఫ్5.6 దాటి తెరుచుకోదు. బల్బు వెలుగులో ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో పెంచుకునే సెట్టింగ్) 6400 పెడితే ఫొటో నిండా రవ్వ చల్లినట్టు నాయిస్. ఎఫ్1.8 అంటే దాదాపు పది రెట్లు వెలుతురు, అదే బొమ్మ ఐఎస్ఓ 800కే వచ్చేసింది. కాకపోతే అంత తెరిస్తే ఫోకస్ లోతు తగ్గిపోతుంది, దశావతారాల వరసలో మత్స్యం ఒక్కటే స్పష్టంగా ఉంది, కూర్మం నుంచి అంతా మసక! పది మందీ కావాలంటే మళ్లీ ఎఫ్8 దాకా మూసి, వెలుతురు తగ్గుతుంది కాబట్టి స్టాండ్ వేసుకోవాల్సిందే.

ఇంట్లో అందరినీ ఒక ఫొటోలో ఇరికించాలంటే 35 చాలదు. వెనక్కి జరగడానికి గోడ అడ్డం. అప్పుడు ఎక్కువ వెడల్పు పట్టే కిట్ లెన్స్ 18 దిక్కు. అందుకే దాన్ని అమ్మలేదు.

కెమెరాకి స్క్రీన్ తిరగదు. కోనేటి నీళ్లలో గోపురం నీడ కోసం మెట్ల మీద బోర్లా పడుకున్నాను, చూసినవాళ్లు సాష్టాంగం అనుకుని ఉంటారు. మైక్ పెట్టుకునే రంధ్రం లేదు. వీడియో మీ పని అయితే ఇది వద్దు. వైఫై లేదు, బ్లూటూత్‌లో చిన్న సైజు ఫొటోలే ఫోన్‌కి వస్తాయి. నేను కార్డ్ రీడరే వాడతాను. బ్యాటరీ గురించి మాత్రం టెన్షన్ పడిన రోజు లేదు. లెక్క ప్రకారం ఒక చార్జికి 1,550 ఫొటోలు.

చెన్నైలో అసలు శత్రువు తేమ. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను తర్వాత తడి సంచిని మూడు వారాలు అలమారాలో వదిలేశాను. కిట్ లెన్స్ లోపల సాలెగూడులా ఫంగస్. శుభ్రం చేయించడానికి 1,200 అయింది. ఇప్పుడు గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి దాస్తున్నాను. మే నెలలో ఏసీ గదిలోంచి బయటికి తెస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది, పావుగంట సంచిలోనే ఉంచి తీయాలి.

చెన్నైలోని పల్లికరణై చిత్తడి నేలలో పక్షుల కోసం ఇప్పుడు దూరపు వాటిని దగ్గరగా చూపే ఏఎఫ్-పీ 70-300 లెన్స్ వెతుకుతున్నాను. అందులో వీఆర్ (చేతి వణుకు వల్ల వచ్చే మసకను తగ్గించే ఏర్పాటు) ఉన్నదీ లేనిదీ రెండు రకాలున్నాయి. ఈసారి కెమెరా వెంట తీసుకెళ్లి, దుకాణంలోనే బిగించి చూస్తాను.