పిల్లలతో తెరచాప పడవలో: విశాఖలో ఏది ఎక్కాలి, ఎక్కడ ఉండాలి

విశాఖలో పిల్లలను సముద్రం మీదికి తీసుకెళ్లాలనుకునేవారికి నా సలహా ఒకటే: కాస్త ఖర్చు ఎక్కువైనా తెరచాప పడవ ఎక్కండి. స్పీడుబోటు గిర్రున ఒక చుట్టు తిప్పి ఒడ్డున దించేస్తుంది. పిల్లలు కేకలు వేస్తారు, తడుస్తారు, అక్కడితో సరి. తెరచాప పడవలో వాళ్లకు పని ఉంటుంది. మోకు లాగాలి, చుక్కాని పట్టాలి, గాలి ఎటు మళ్లిందో కనిపెట్టి చెప్పాలి. మా అమ్మాయికి పదేళ్లు, అబ్బాయికి ఆరు. పెద్దవాళ్ల పనిలో చోటిస్తే ఆ వయసు పిల్లలు ఎంత శ్రద్ధగా ఉంటారో నేను అక్కడే చూశాను.

పడవనే ఇల్లుగా చేసుకుని, వంట, చదువు, నిద్ర అన్నీ అందులోనే సాగిస్తూ ఏళ్ల తరబడి సముద్రాల మీద తిరిగే కుటుంబాల గురించి మావారు చాలాకాలంగా చదువుతున్నారు. ఎప్పటికైనా కొన్ని నెలలు అలా గడపాలని మా ఇద్దరి ఆశ. ముందు పిల్లలకు సముద్రం పడుతుందో లేదో చూద్దామని సంక్రాంతి సెలవుల్లో విశాఖ వెళ్లాం. కాలం కూడా అదే మంచిది. జూన్ నుంచి నైరుతి గాలులతో సముద్రం ఎగసిపడుతుంది. అక్టోబరు, నవంబరు తుపానుల రోజులు. 2014లో హుద్‌హుద్ ఈ నగరం మీద విరుచుకుపడింది అక్టోబరు 12నే.

పడవ మాట్లాడుకునేటప్పుడు సోఫాలు, పాటల పెట్టె, పుట్టినరోజు అలంకరణలు చూపిస్తారు. మీరు చూడవలసింది లైఫ్ జాకెట్లు. మేం మొదట మాట్లాడుకున్న నిర్వాహకుడి దగ్గర పిల్లల కొలతవి లేవు. ‘పెద్దవాళ్లదే గట్టిగా బిగించి కడదాం’ అన్నాడు. బయానా పోతే పోయిందని వెనక్కి వచ్చేశాం. పెద్ద జాకెట్ వేసుకున్న పిల్లవాడు నీళ్లలో పడితే జాకెట్ పైకి తేలి, పిల్లవాడు కిందికి జారిపోతాడు. బిడ్డకు జాకెట్ తొడిగి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. అది గడ్డం దాటి చెవుల దాకా వస్తే పనికిరాదు. కాళ్ల మధ్య నుంచి బిగించే పట్టీ ఉన్నదైతే మరీ మంచిది. తర్వాత దొరికిన పడవలో అలాంటివి వరసగా ఆరేసి ఉన్నాయి. ఆ పడవ సోఫాలు వెలిసిపోయాయి, అయినా నాకు మనసు కుదుటపడింది.

ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి పొద్దున్నే బయలుదేరాం. చేపల వేలం అప్పటికే సందడిగా సాగుతోంది. ఆ వాసనకు మావాడు ముక్కు మూసుకున్నాడు కానీ, బుట్టల్లోంచి కళ్లు తిప్పుకోలేదు. అడ్డుగోడ దాటగానే కుడివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, ఎడమవైపు బీచ్ రోడ్డు మేడలు, వాటికి అవతల కైలాసగిరి. ఇంజను ఆపి తెరచాప ఎత్తేదాకా పడవ అటూ ఇటూ ఒరుగుతూనే ఉంది. చాపలో గాలి నిండగానే ఒక పక్కకు కొద్దిగా వాలి, ఆ వాలులోనే నిలకడగా సాగింది. డీజిల్ వాసన పోయింది, చప్పుడు పోయింది. కడుపులో తిప్పడం మొదలైన మా అమ్మాయి అప్పుడే తేరుకుంది.

పడవ నడిపే సరంగు అరవై దాటిన మనిషి. అమ్మాయిని చుక్కాని దగ్గరికి పిలిచి, ‘తల్లీ, కళ్లు మూసుకుని చెప్పు, గాలి ఏ చెంపకు తగులుతోంది?’ అన్నారు. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది కనుక పొద్దున గాలి ఒడ్డు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. ఎండ ఎక్కాక నేల వేడెక్కి, గాలి తిరగబడి సముద్రం నుంచి ఒడ్డుకు వస్తుంది. ఒకప్పుడు జాలరులు పోయేటప్పుడు ఒక గాలి, వచ్చేటప్పుడు ఇంకో గాలి వాడుకునేవారని ఆయన చెప్పారు. పుస్తకంలో బట్టీపట్టిన పాఠం మా అమ్మాయికి ఆ రోజు చెంప మీద తెలిసింది. నీళ్ల పైకి ఒక తాబేలు తల ఎత్తి మునిగినప్పుడు మొదట చూసింది మాత్రం తమ్ముడే. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వచ్చే కాలం అది.

తిండి విషయంలో పూరీలు, నూనె వంటలు వద్దు. మేం ఇడ్లీ తిని వెళ్లాం. పడవలోకి అరటిపళ్లు, పెరుగన్నం, అల్లం మురబ్బా తీసుకెళ్లాం. వికారం వస్తే లోపలి గదిలో పడుకోబెట్టకండి, ఇంకా ఎక్కువవుతుంది. పైన కూర్చోబెట్టి దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను చూడమనండి. మరుగుదొడ్డికి చేతిపంపు ఉంటుంది; ఎన్నిసార్లు కొట్టాలో పిల్లలకు ముందే చూపించాలి.

బస గురించి. బీచ్ రోడ్డు హోటళ్లలో గదికి డబ్బు ఎక్కువ, సాయంత్రాలు రద్దీ కూడా ఎక్కువే. అయినా పడవ ఎక్కే రోజుకు అక్కడే ఉండాలి. నిద్రకళ్లతో ఉన్న పిల్లలను రుషికొండ నుంచి హార్బర్ దాకా తీసుకురావడం వృథా ప్రయాస. తెల్లవారుజామున నడిచేవారి కోసం బీచ్ రోడ్డులో కొంత మేర వాహనాలు ఆపేస్తారు కనుక, దారి ఏదో ఆటో అతణ్ని ముందు రోజే అడిగి పెట్టుకోండి. స్నానాలకు ఆర్కే బీచ్ వద్దు, అలలు లోపలికి లాగేస్తాయి. శుభ్రత, భద్రత ఉన్న బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన రుషికొండ మేలు, అక్కడ కూడా పిల్లలను మోకాలి లోతు దాటనివ్వకూడదు. ఆ తర్వాత రెండు రాత్రులు భీమిలిలో ఉన్నాం. గది మామూలుది, నీళ్లు సన్నగా వచ్చేవి, భోజనం ఇంటి భోజనమే. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట పిల్లలు సాయంత్రమంతా కాగితం పడవలు వదిలారు. మళ్లీ వెళితే అక్కడే ఎక్కువ రోజులు ఉంటాం.

బీచ్ రోడ్డులో ప్రదర్శనశాలగా మార్చిన కురుసుర జలాంతర్గామి తప్పకుండా చూడండి, సోమవారం సెలవు. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన ఆ 91 మీటర్ల గొట్టంలో ఒకదాని మీద ఒకటి బిగించిన పడకలు చూసి, ‘పడవలో మన మంచాలు కూడా ఇంతేనా?’ అని అబ్బాయి అడిగాడు. ఇంచుమించు ఇంతేనని చెప్పాం. పదిహేడు మీటర్ల తారిణి అనే తెరచాప పడవలో 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి, మరుసటి మే నెలలో భూమిని చుట్టి వచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో పి. స్వాతిది విశాఖేనని మావారు చెప్పగానే అమ్మాయి ప్రశ్నలు మొదలయ్యాయి: నీళ్లు ఎక్కడ నింపుకున్నారు, రాత్రి ఎవరు మేలుకున్నారు, భయం వేయలేదా. హోటలు చేరేదాకా ఆగలేదు.

నాలుగేళ్ల లోపు పిల్లలుంటే పడవ వద్దు, కురుసుర, భీమిలి చాలు. ఆరేళ్లు దాటితే వెళ్లండి, మొదటిసారి రెండు గంటలకు మించి మాట్లాడుకోకండి.