లీట్‌కోడ్ ప్రీమియం కొనాలా, ఫ్రీ అకౌంట్ చాలా?

లీట్‌కోడ్ అంటే కోడింగ్ ప్రశ్నలు ప్రాక్టీస్ చేసే వెబ్‌సైట్. సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలో కోడింగ్ రౌండ్‌కి ప్రిపేరయ్యేవాళ్ళకి దాని ఫ్రీ అకౌంటే చాలావరకు సరిపోతుంది. ప్రీమియంకి డబ్బు కట్టాలి. ఏ కంపెనీలో ఏ ప్రశ్నలు అడుగుతున్నారో చూపించే లిస్టు కోసమైతేనే ఆ డబ్బుకి న్యాయం. ఇంటర్వ్యూ డేటు ఖరారయ్యాక ఒక్క నెలకి తీసుకోండి, ముందే ఏడాదికి కట్టేయడం దండగ.

దీని అసలు బలం టెస్ట్ కేసులు, అంటే మన కోడ్‌ని చిన్నా పెద్దా ఇన్‌పుట్‌లతో పరీక్షించడం. ప్రశ్న కింద కన్‌స్ట్రెయింట్స్ (ఇన్‌పుట్ ఎంత పెద్దదిగా ఉండొచ్చో చెప్పే హద్దులు) ముందు చదవండి. ఎన్ (ఇన్‌పుట్‌లో ఎన్ని ఎలిమెంట్లు) విలువ 1,00,000 దాకా ఉందంటే, లూపులో లూపు పెడితే వెయ్యి కోట్ల స్టెప్పులు. టైమ్ లిమిట్ దాటిపోవడం ఖాయం. హ్యాష్ మ్యాపో (విలువని వెంటనే వెతికిపెట్టే పట్టిక), సార్టింగో, టూ పాయింటర్సో (రెండు స్థానాల్ని జరుపుతూ వెతకడం) ఆలోచించాలి. జావాలో మొత్తం 214 కోట్లు దాటే చోట ఇంట్ అనే నంబర్ టైపు పట్టక పొంగి తప్పు జవాబిస్తుంది, ఇంకా పెద్ద నంబర్లు పట్టే లాంగ్ వాడండి.

ఆదివారం పొద్దున 8 గంటలకి లీట్‌కోడ్ పెట్టే కాంటెస్ట్ వదలొద్దు: 4 ప్రశ్నలు, 90 నిమిషాలు.

పెద్ద లోటు రన్ బటనే, దానికి అలవాటు పడిపోతాం. చాలా ఇంటర్వ్యూల్లో కోడ్ రన్ చేయనివ్వరు. అందుకే నోట్‌ప్యాడ్‌లో రాయండి, ఖాళీ అర్రే (విలువల వరుస), ఒకే ఎలిమెంట్ ఉన్న అర్రే ఇచ్చి పైకి చెప్తూ ప్రతి లైన్‌లో ఏమవుతుందో ట్రేస్ చేయండి, ఆ తర్వాతే లీట్‌కోడ్‌లో పేస్ట్ చేసి సబ్మిట్ కొట్టండి. సిస్టమ్ డిజైన్‌కి (పెద్ద సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని ఎలా కట్టాలో అడిగే రౌండ్) మాత్రం దీన్నే నమ్ముకోకండి.